విల్లు పట్టని ఏడాది

బాబాయి పోయారన్న కబురు స్టుట్‌గార్ట్‌లో నేను పొద్దున ఉద్యోగానికి ఎస్-బాన్ రైలు ఎక్కబోతుండగా వచ్చింది. ఫోన్‌లో పిన్ని ఏడవలేదు. "అమ్మాయ్, మీ బాబాయి తెల్లారుజామున నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు," అని చెప్పింది. తర్వాత, "కింద సెల్లార్‌లో జింక వేలాడతా ఉంది. మొన్న ఆదివారం తెచ్చారు. దాన్నేం చెయ్యాలో నాకు తెలియటంలా," అంది. "నేను వస్తున్న పిన్నీ, దాన్ని ముట్టుకోకు," అన్నాను. రైలు నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. పోయిన మనిషి గురించి ఒక్క మాట అడగకుండా ముందు జింక గురించి మాట్లాడానని తర్వాత సిగ్గేసింది. కానీ ఆయనే ఉండుంటే ఆయనా మొదట అదే అడిగేవారు.

బాబాయి నాకు రక్తబంధువు కాదు. నేను ఖమ్మం నుంచి మాస్టర్స్ చదవడానికి కైసర్స్‌లౌటర్న్ వచ్చినప్పుడు, ఆదివారం తెలుగు ప్రార్థనలో పరిచయమైన మనిషి. వాళ్ళది బాపట్ల వైపు. పిన్ని ముప్పై ఏళ్ళ కిందట నర్సుగా వస్తే, ఆయన అక్కడి గుమాస్తా ఉద్యోగం వదులుకుని వెనకే వచ్చారు. భాష రాదు, పని లేదు. చివరికి ఒక మాంసం కొట్లో నేల తుడిచే పనికి కుదిరి, నాలుగేళ్ళలో కత్తి పట్టారు. "ఊళ్ళో పెన్ను పట్టుకుని జీతం తీసుకున్నా, ఇక్కడ కత్తి పట్టుకుని తీసుకున్నా. పెన్నుతో చేసినన్ని తప్పులు కత్తితో చెయ్యలా అమ్మాయ్," అనేవారు. ఆ కొట్టు యజమాని వేటగాడు. ఆయన దగ్గరే బాబాయికి అడవి అలవాటైంది.

ఆయన నాకు విల్లు నేర్పారు. జింకని ఇంట్లో కోసి, వండే దాకా నేర్పారు. ఆయనకి నేనొక అబద్ధం చెప్పాను. ఆయన బతికుండగా దాన్ని సరిదిద్దుకోలేదు. ఇది రాయడానికి అసలు కారణం అదే. ఆయన మంచితనం గురించి చెప్పడానికైతే నాకంటే తగినవాళ్ళు ఆ ప్రార్థనలో పదిమంది ఉన్నారు.

మొదలు మాత్రం కూరతోనే. మేం స్టూడెంట్లం ప్రార్థన అయిపోయాక పిన్ని వంట కోసమే కూర్చునేవాళ్ళం, దేవుడికి తెలియని విషయమేం కాదు. ఒకసారి మేక మాంసం అనుకుని రెండోసారి వడ్డించుకున్నాక అది జింకని తెలిసింది. నా మొహం చూసి బాబాయి నవ్వారు. "తిన్నావుగా. అదెట్టా వచ్చిందో చూస్తావా, లేకపోతే షాపులో ప్లాస్టిక్ డబ్బాలో పుట్టిందనుకుంటావా?" అన్నారు. నాకు రోషం ఎక్కువ. చూస్తానన్నాను.

జర్మనీలో జింకని విల్లుతో కొట్టడానికి చట్టం ఒప్పుకోదు. తుపాకీ మాత్రమే. కైసర్స్‌లౌటర్న్ నుంచి గంటసేపు కారు నడిపితే ఫ్రాన్స్. అక్కడ ఒప్పుకుంటారు. సరిహద్దు అవతల ఒక పల్లెలో పదిహేనుమంది విల్లు వేటగాళ్ళ బృందం ఉంది, బాబాయి అందులో ఒకరు. నేను ఇక్కడి వేట పరీక్ష రాసి, అక్కడి విల్లు శిక్షణకి వెళ్ళి, కాగితాలన్నీ సంపాదించేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా బాబాయి నాతో రబ్బరు జింకల్ని కొట్టించారు. శనివారం శనివారం, వానలో, మంచులో. ఇరవై మీటర్లలో పదికి పది బాణాలు అరచేతంత చోట పడేదాకా అడవికి తీసుకెళ్ళనన్నారు, తీసుకెళ్ళలేదు.

"తుపాకీ ఉండగా ఇదెందుకు బాబాయ్?" అని ఒకసారి విసుక్కున్నాను.

"తుపాకీతో దూరం నుంచి కొడితే అది పడతాది, మనం పోతాం. దీంతో అట్టా కుదరదు. ఇరవై మీటర్ల దాకా రానియ్యాలి. అంత దగ్గరికొచ్చాక కొట్టకుండా వదిలేసేవే ఎక్కువ. వదలటం నేర్చుకోవాలంటే విల్లే మంచిది," అన్నారు.

ఆయన నియమాలు తక్కువ, గట్టివి. జింక పక్కకి తిరిగి నిలబడితేనే బాణం. ఎదురుగా చూస్తుంటే వద్దు, నడుస్తుంటే వద్దు, తల ఎత్తి నీ వైపు చెవులు పెట్టి ఉంటే అసలు వద్దు, బాణం చేరేలోపు అది వంగిపోతుంది. ముందుకాలు ఒక అడుగు ముందుకు వేసినప్పుడు భుజం వెనక చోటు తెరుచుకుంటుంది, అక్కడ. బాణం వదిలాక ఆయనకి ఒకే మాట. "ఇప్పుడు నీ పని కూర్చోటమే. గమ్మున కూర్చో." అరగంట కదలకూడదు. తర్వాత మంచె దిగి బాణం వెతకాలి. రక్తం ఎర్రగా, నురగ బుడగలతో ఉంటే ఊపిరితిత్తులు, జింక దగ్గర్లోనే పడి ఉంటుంది. నల్లగా ఉండి, పచ్చటి పసరు అంటి, వాసన వస్తుంటే పొట్ట. అప్పుడు వెనక్కి వచ్చేయాలి. నాలుగు గంటలు, కుదిరితే ఇంకా ఎక్కువ. దాని మానాన దాన్ని వదిలితే అది దగ్గర్లోనే పడుకుని ప్రాణం విడుస్తుంది. తొందరపడి వెంటపడితే లేచి, ఆ నొప్పితోనే మైళ్ళు పరిగెడుతుంది.

ఇదంతా నాకు బైబిల్ వాక్యాలు అప్పజెప్పినట్టు వచ్చు. వచ్చని చెప్పుకోవడానికే ఇప్పుడు సిగ్గు.

బాబాయి పోయిన మర్నాడు పిన్ని నన్ను సెల్లార్‌కి తీసుకెళ్ళింది. మూతబడిన కొట్లోంచి ఆయన తెచ్చుకున్న పాత నిలువు ఫ్రిజ్ ఉంది అక్కడ, పై కొక్కేనికి జింక. ఇక్కడివాళ్ళు రే అంటారు, మన మేకంత ఉంటుంది. చర్మంతోనే నాలుగైదు రోజులు చలిలో వేలాడితే మాంసం మెత్తబడుతుందని ఆయన పద్ధతి. తలుపు తీసి ముందు వాసన చూశాను. శుభ్రంగా ఉంది. భుజం వెనక బాణం దిగిన చోటు వేలు పట్టేంత, అవతలి వైపు కూడా అదే ఎత్తులో. ఆయన చివరి బాణం అంత బాగా పడింది. పిన్ని ఆ చోటుని చేత్తో తడిమి, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాక, "కత్తులు ఎక్కడున్నాయి పిన్నీ?" అని అడిగాను.

అంతకుముందు నేను ఒక్కదాన్నే ఎప్పుడూ కొయ్యలేదు. ఆయన పక్కన నిలబడి చెబుతుంటే కోశాను, అంతే. చర్మం వెనకకాలి దగ్గర మొదలుపెట్టి కొంచెం కత్తితో విడదీసి, మిగతాదంతా పిడికిలితో నొక్కుతూ ఒలిచాను. కత్తితో ఒలిస్తే వెంట్రుకలు మాంసానికి అంటుకుంటాయి. అంటుకున్న రెండు మూడింటిని తడిగుడ్డతో తీశాను గానీ కుళాయి కిందికి తీసుకెళ్ళలేదు. "నీళ్ళు మనకి, మాంసానిక్కాదు. కడిగితే రుచి పోద్ది, పాడవుద్ది," అని ఆయన ఎన్నిసార్లు అన్నారో! ముందుకాళ్ళని ఒంటికి కలిపే కీలు ఉండదు, కండ తెగితే చాలు, కాలు చేతిలోకి వచ్చేస్తుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు నేను కెవ్వుమన్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. వెనకకాలిని అడ్డంగా నరక్కూడదు. కండకీ కండకీ మధ్య తెల్లటి పొర ఉంటుంది, వేలుతో వెతుక్కుంటూ ఆ దారినే వెళ్తే నాలుగు ముద్దలుగా విడిపోతుంది. "అది ఎట్టా కుట్టారో అట్టా విప్పాలి. తొందర నీదే, కత్తిది కాదు," అనేవారు. పైన ఉండే వెండిరంగు పొరని పల్చటి కత్తితో గీరి తీసేయాలి, అది ఎంత ఉడికినా ఉడకదు. జింక కొవ్వు కూడా మొత్తం తీసేయాలి. చల్లారితే నోట్లో మైనంలా గడ్డకడుతుంది.

పిన్ని పక్కన టేబుల్ దగ్గర ముక్కల్ని కాగితంలో చుట్టి పేరు రాసింది. వెన్నుపట్టె, తొడ, భుజం, మెడ. ఏ ముక్క, ఏ రోజు, దాని కింద ఎలా వండాలో కూడా రాయాలి. ఈ మూడోది నా వల్ల వచ్చిన నియమం. ఆయన మొదటిసారి ఇచ్చిన వెన్నుపట్టెని నేను హాస్టల్లో కుక్కర్‌లో వేసి నాలుగు విజిల్స్ రానిచ్చాను, మన దగ్గర మేకకి పెట్టినట్టు. జింకలో అత్యంత మెత్తటి ముక్క అది. చెప్పు తోలులా తయారైంది. పైగా గిన్నెలో పట్టుకెళ్ళి ఆయనకే రుచి చూపించాను. ఆయన చాలాసేపు నమిలి, మింగి, "మసాలా బాగుందమ్మాయ్," అన్నారు. ఆ తర్వాత నుంచి ప్రతి పొట్లం మీదా రాతలు. వెన్నుపట్టె మీద 'పెనం, వైపుకి రెండు నిమిషాలు, కుక్కర్ తాకరాదు' అని ఉండేది. భుజం, మెడ మాత్రం సన్నటి సెగ మీద మూడు గంటలు. గసగసాలు, కొబ్బరి, మిరియాలు, చివర్లో పిన్ని కుండీలో పెంచిన గోంగూర.

ఆ రోజు పిన్ని మెడ ముక్క చుడుతూ, "సమాధి రోజు భోజనాలకి ఇదే వండుదాం. ఆయన తెచ్చిందేగా," అంది. సరేనన్నాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ నా మనసంతా రెండేళ్ళ కిందటి ఒక పొద్దుటి మీద ఉంది.

అది నా మొదటి సీజన్. నా వీసా పొడిగింపుకి మూడు నెలలు వెంటపడితే దొరికిన టెర్మిన్, అంటే ఆఫీసు అపాయింట్‌మెంట్, ఆ రోజు పదకొండున్నరకి. "టెర్మిన్ రోజు వేటెందుకే?" అని బాబాయి వద్దన్నారు. జల్ది వచ్చేస్తామని నేనే పట్టుబట్టాను. ఆయన నాకు నూటయాభై అడుగుల దూరంలో, చెట్లవతల ఇంకో మంచె మీద ఉన్నారు. వెలుగు వచ్చిన కాసేపటికి ఒక మగ రే నా ముందుకొచ్చింది. పద్దెనిమిది మీటర్లు. పక్కకి తిరిగే ఉంది, కానీ నడుస్తోంది. ఆగుతుందని చూశాను, ఆగలేదు. వెళ్ళిపోతుందేమోనని వదిలేశాను. బాణాన్ని. వదలాల్సింది జింకని.

అది నడుం వంచి పరుగెత్తింది. పది నిమిషాలకే దిగిపోయాను. బాణం నేలలో గుచ్చుకుని ఉంది. నల్లటి రక్తం, పచ్చటి పసరు, ఆ వాసన. తెలియకపోవడం ఏం లేదు. ఆకులతో బాణాన్ని తుడిచేశాను. ఈకల మధ్య కూడా తుడిచాను. బాబాయి వచ్చి, "రక్తం ఎట్టా ఉందే?" అన్నారు.

"ఎర్రగుంది బాబాయ్. బుడగలొచ్చినయ్."

ఆయన బాణం అడగలేదు. "నువ్వు చెప్తే చాలు. పద," అన్నారు.

టెర్మిన్ కోసం అబద్ధమాడానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నిజం చెప్పి ఉంటే ఆయన నన్ను పంపించి తను కూర్చునేవారు. ఏడాదిన్నర నేర్పిన మనిషి ముందు చెడ్డ బాణం వేశానని ఒప్పుకోలేకపోయాను. అంతకంటే ఏం లేదు. వంద అడుగులు నడిచామో లేదో పొదలోంచి జింక లేచింది. ఒక్కసారి మా వైపు చూసి, ఆ వంగిన నడుంతోనే లోయలోకి పరుగెత్తింది. అది పడుకున్న చోట ఆకుల మీద ఉన్న రక్తాన్ని బాబాయి చూశారు. వంగి వేలితో తాకారు. నన్ను తిడతారనుకున్నాను. "నీ టెర్మిన్‌కి టైమైంది. కారు తీసుకుపో. నేనుంటా," అన్నారు, అంతే. నేను వెళ్ళాను. ఆ రాత్రి ఫోన్ చేస్తే, "దొరికింది. మాంసం పనికిరాలా. పడుకో," అన్నారు.

దొరికిందని నేను నమ్మాను. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను. ఆ సీజనంతా బాబాయి మళ్ళీ విల్లు పట్టలేదు. భుజం పట్టేసిందన్నారు. మరుసటి ఏడాది నా బాణం సరిగ్గా పడిన రోజు ఆయన మంచె దిగి వచ్చి, మళ్ళీ అదే అడిగారు. "రక్తం ఎట్టా ఉందే?" ఎర్రగా ఉందన్నాను. బాణం చూపించబోతే చెయ్యి అడ్డుపెట్టి, "నువ్వు చెప్తే చాలన్నాగా," అని ముందు నడిచారు. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. చెప్పకుండా ఆయన వెనకే నడిచాను.

సమాధి వారం తర్వాత జరిగింది. మనవాళ్ళు గుప్పెడు మట్టి వేశారు, వేటగాళ్ళు ఒక్కొక్కరే పచ్చటి కొమ్మ వేసి టోపీ తీశారు. తర్వాత చర్చి హాల్లో భోజనాలు. సరిహద్దు అవతలి బృందం పెద్ద కూడా వచ్చారు. ఎనభై దగ్గరపడిన రైతు, వాళ్ళ యాస జర్మన్ మాట్లాడతారు. అందరూ ఒక్కో జ్ఞాపకం చెబుతుంటే ఆయనా లేచారు.

ఆయన చెప్పింది ఇది. బాబాయి తమతో వేటాడిన ఇన్నేళ్ళలో ఒక్క జింకనే పాడు చేశారట. ఆ సాయంత్రమే తనంతట తానే వచ్చి, పొట్టలో కొట్టాను, తొందరపడి లేపాను అని ఒప్పుకున్నారట. దొరకలేదు. జాడ పట్టే కుక్కని తెచ్చి వెతికారు, దొరకలేదు. మూడు రోజులు వరసగా వచ్చి, మూడో రోజు చచ్చిపడి ఉన్నదాన్ని కనిపెట్టి, అది తన వేట లెక్కలోకే వచ్చేలా కాలికి తన పట్టీ కట్టారట. వాళ్ళకి ఏడాదికి ఒక్కొక్కరికి ఒకటే పట్టీ. పైగా తొందరపడి జింకని పోగొట్టుకున్నవాడు ఆ సీజన్ మళ్ళీ విల్లు పట్టకూడదని బృందం నియమం. "ఒక్క మాట ఎదురు చెప్పకుండా విల్లు విప్పి కారులో పెట్టాడు. తప్పు చేశాక మనిషి ఎలా ఉండాలో మా కుర్రాళ్ళకి ఇప్పటికీ ఆయన పేరే చెబుతాను," అన్నారు పెద్దాయన.

అందరూ తలలూపారు. నా చేతిలో ఆయన చివరి జింక కూర ఉన్న ప్లేటు ఉంది. ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. మెచ్చుకోలుగానే చెప్పారు. కానీ ఆ హాల్లో ఉన్న యాభైమందీ ఇంటికి తీసుకెళ్ళే బాబాయి, తొందరపడి జింకని హింసపెట్టిన బాబాయి. అలాంటి మనిషి ఎప్పుడూ లేడు.

ప్లేటు కింద పెట్టి లేచాను. జర్మన్‌లో చెప్పాను, తర్వాత తెలుగులో చెప్పాను. బాణం నాది, తుడిచింది నేను, అబద్ధం నాది. నా జర్మన్ ఎప్పుడూ అంత తప్పుల్లేకుండా రాలేదు. మా ప్రార్థనలోని ఒక పెద్దావిడ, "ఈ టైమ్‌లో ఇవన్నీ ఎందుకమ్మా," అని గొణిగింది.

పిన్ని వచ్చి నా పక్కన నిలబడింది. "నాకు తెలుసులే," అంది మెల్లగా. "మూడో రోజు చొక్కా నిండా మట్టితో వచ్చారు. ఎవరిదయ్యా ఆ జింక, ఇంత తిరుగుతున్నావంటే, మన పిల్లది అన్నారు. ఇంకేం చెప్పలా. నేనూ అడగలా."

పెద్దాయన కోప్పడలేదు, ఓదార్చలేదు. "నియమం నీకూ ఉంది," అన్నారు. "ఈ సీజన్ విల్లు పట్టకు. శనివారం మాత్రం రా. ఒక చోటు చూపించాలి."

శనివారం వెళ్ళాను. లోయలోకి దిగి, వాగు దాటి, అవతలి ఏటవాలు సగం ఎక్కాక పెద్దాయన ఆగారు. అంత దూరం పరుగెత్తింది ఆ జింక. బీచ్ అనే పెద్ద అడవి చెట్టు కింద నా బార కంటే పొడవులేని రాళ్ళ కుప్ప ఉంది. అడవి పందులు తవ్వకుండా పేర్చినవి. ఆ వాలు మీద ఎక్కడా రాయి లేదు, ఆకులూ మట్టీ మాత్రమే. ఇవి నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. "వాగులోవి. ఒక్కొక్కటి మోసుకొచ్చాడు. సాయం చేస్తానంటే వద్దన్నాడు," అన్నారు పెద్దాయన. బరువులెత్తవద్దని డాక్టరు చెప్పిన ఏడాది అది. పిన్ని ఆయన్ని పాలసంచి కూడా మొయ్యనిచ్చేది కాదు.

అంచున ఉన్న ఒక రాయిని రెండు చేతులతో ఎత్తాను. చల్లగా ఉంది. ఛాతీ దాకా తెచ్చి, ఆనించుకుని, కిందికి చూశాను. చెట్ల మధ్య నుంచి వాగు మెరుస్తోంది గానీ దాని చప్పుడు అక్కడిదాకా రావడం లేదు. చేతులు లాగేదాకా పట్టుకుని, బాబాయి పెట్టిన చోటే పెట్టేశాను.